చిన్నారులకు తేనెటీగ కాటు - సకాల చికిత్సే ప్రాణరక్షణ

తేనెటీగ కుట్టడం పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ సర్వసాధారణంగా జరిగే సంఘటన. కుట్టిన చోట మంట, ఎరుపు, వాపు కలిగి ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోవడం అత్యధికుల అనుభవం. ఈ కారణంగానే తేనెటీగ కాటును పెద్దగా పట్టించుకోని అలవాటు సమాజంలో ఏర్పడింది. అయితే కొందరు పిల్లల్లో ఒకే ఒక్క ఈగ కుట్టినా నిమిషాల వ్యవధిలో ప్రాణాపాయం ఏర్పడవచ్చు. మరికొన్ని సందర్భాల్లో పదుల, వందల సంఖ్యలో ఈగలు ఒక్కుమ్మడిగా దాడి చేసినప్పుడు, ఆ రోజు తన కాళ్లపై ఇంటికి నడిచి వచ్చిన బిడ్డ రెండు మూడు రోజుల తరువాత మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలు కావచ్చు.

ఈ రెండూ వేర్వేరు ప్రమాదాలు. వాటి కారణాలు వేరు, గడువులు వేరు, చికిత్సలు వేరు. మొదటిదానికి గడువు నిమిషాలు, రెండవదానికి గడువు రోజులు. ఈ తేడాను తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది గుర్తించగలిగితే పలు ప్రాణాలను కాపాడవచ్చు. ఇందుకు కావలసిన మందులు అరుదైనవీ కావు, ఖరీదైనవీ కావు.

పెద్ద తేనెటీగతోనే అధిక ప్రమాదం

తెలుగు రాష్ట్రాల్లో ప్రధానంగా నాలుగు రకాల తేనెటీగలు కనిపిస్తాయి. చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో పట్లు పెట్టే పుట్ట తేనెటీగ, పొదల్లో కొమ్మకు చిన్న పట్టు పెట్టే చిన్న తేనెటీగ, రైతులు పెట్టెల్లో పెంచే ఐరోపా జాతి తేనెటీగ, వీటన్నింటికంటే పరిమాణంలో పెద్దదైన కొండ తేనెటీగ. సామూహిక దాడులకు ప్రధాన కారణం ఈ కొండ తేనెటీగే. ఇది ఎత్తయిన చెట్ల కొమ్మలు, కొండ చరియలు, నీటి ట్యాంకులు, వంతెనలు, బహుళ అంతస్తుల భవనాల అంచుల కింద ఆరుబయటే ఒక పెద్ద పట్టు పెడుతుంది. ఆ పట్టును వేల సంఖ్యలో ఈగలు తెరలాగా కప్పుకొని ఉంటాయి.

తేనెటీగ తనంత తానుగా మనిషిని వెతికి కుట్టదు. పట్టుకు అపాయం కలిగిందని భావించినప్పుడే దాడి చేస్తుంది. పిల్లలు రాళ్లు రువ్వడం, చెట్టు కింద పొగ పెట్టడం, బాణసంచా కాల్చడం, పక్షులు పట్టును తన్నుకుపోవడం వంటివి ఇందుకు సాధారణ కారణాలు. కార్తీక మాసంలో వనభోజనాలకు వెళ్లినవారు తలపైన పట్టు ఉన్నదీ లేనిదీ చూసుకోకుండా చెట్ల కింద పొయ్యిలు వెలిగించడం కూడా ప్రమాదానికి దారితీయవచ్చు.

ఒక ఈగ కుట్టిన వెంటనే దాని ముల్లు వద్ద ఉండే గ్రంథుల నుండి పండిన అరటిపండు వాసనను పోలిన ఒక రసాయనం గాలిలోకి వెలువడుతుంది. మిగిలిన ఈగలకు అది ప్రమాద సంకేతం. ఆ వాసన సోకిన చోటికే అవి గుమిగూడుతాయి. కాబట్టి మొదటి కాటు పడిన తరువాత అక్కడే నిలబడి చేతులు విసరడం వల్ల కాట్లు పెరుగుతాయే గాని తగ్గవు. ముఖాన్ని, ముక్కును, నోటిని బట్టతో కప్పుకొని, ఆగకుండా పరుగెత్తి, తలుపులు మూసుకునే గదిలోకో వాహనంలోకో చేరడమే ఉత్తమ మార్గం. చెరువులోకి, బావిలోకి దూకడం వల్ల మునిగిపోయే ప్రమాదం అదనంగా ఏర్పడుతుంది. ఈగలు నీటిపైన తిరుగుతూ, తల పైకెత్తగానే మళ్లీ కుట్టే అవకాశం ఉంది. పరుగెత్తలేని పసిపిల్లలను పెద్దలు ఎత్తుకొని, బట్టతో కప్పి తరలించాలి.

ముల్లు తీయడంలో వేగమే ముఖ్యం

తేనెటీగ ముల్లుకు వెనుకకు వంగిన సన్నని పళ్లు ఉంటాయి. అందువల్ల కుట్టిన తరువాత ముల్లు, దానికి అంటుకొని ఉన్న విషపు సంచితో సహా చర్మంలోనే ఉండిపోతుంది. ఈగ మరణించినా ఆ సంచి మాత్రం కొంతసేపు కదులుతూ విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. కందిరీగకు, కణుజుకు ఈ విధంగా జరగదు. అవి ముల్లును వెనుకకు తీసుకొని పలుమార్లు కుట్టగలవు. కుట్టిన చోట ముల్లు మిగిలి ఉంటే అది తేనెటీగ కాటేనని గుర్తించవచ్చు.

ముల్లును వేళ్లతో పట్టి లాగరాదని, అలా చేస్తే సంచి నలిగి మరింత విషం ఎక్కుతుందని, గోటితోనో కార్డుతోనో పక్కకు గీకి మాత్రమే తీయాలని చాలాకాలం ప్రచారం జరిగింది. 1990 దశకంలో అమెరికాలో జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. సంచిలోని విషంలో కనీసం 90 శాతం మొదటి 20 సెకన్లలోనే శరీరంలోకి చేరుతుందని, ఏ పద్ధతిలో తీశామన్నది కాక ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని తేలింది. పట్టకారు కోసం వెతుకుతూ కాలయాపన చేయకుండా చేతికి అందిన విధంగా తక్షణమే తీసివేయాలి. అయితే ఈగలు ఇంకా వెంటపడుతున్న పరిస్థితిలో సురక్షిత ప్రదేశానికి చేరడమే మొదటి పని.

ముళ్లు తీసిన తరువాత కుట్టిన చోటును సబ్బు, నీటితో కడగాలి. చన్నీటి గుడ్డను లేదా గుడ్డలో చుట్టిన మంచును పదేసి నిమిషాలు ఉంచితే నొప్పి, వాపు తగ్గుతాయి. చేతికి కుట్టినట్లయితే ఉంగరాలు, గాజులు, మొలకో కాలికో కుట్టినట్లయితే మొలతాడు, పట్టీలు వెంటనే తీసివేయాలి. వాపు పెరిగిన తరువాత అవి బిగుసుకుపోతాయి. నొప్పికి వయస్సును, బరువును బట్టి పారాసిటమాల్, దురదకు వైద్యుల సలహాపై యాంటీహిస్టమిన్ మందు సరిపోతాయి.

కొందరు పిల్లల్లో వాపు పది సెంటీమీటర్లకు మించి, చేయంతా లేదా ముఖమంతా వ్యాపించి, రెండవ రోజుకు మరింత పెరిగి, వారం రోజుల వరకూ ఉండవచ్చు. చూడటానికి భయం గొలిపినా ఇది కుట్టిన చోటికి పరిమితమైన అలర్జీ మాత్రమే. మొదటి రెండు రోజుల్లో కనిపించే ఈ వాపు సాధారణంగా సూక్ష్మక్రిముల వల్ల వచ్చేది కాదు కాబట్టి యాంటీబయాటిక్ మందులు అవసరం ఉండవు. కంటిలో, నోటిలో, గొంతులో కుట్టినప్పుడు మాత్రం ఇతర లక్షణాలు లేకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నాలుక, గొంతు వాచి శ్వాసమార్గం మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. కంటి నల్లగుడ్డులో దిగిన ముల్లును నేత్రవైద్యులే తీయాలి.

ఒక్క ఈగతో ప్రాణాపాయం

మొదటి ప్రమాదం అనాఫిలాక్సిస్. శరీర రక్షణ వ్యవస్థ విషంలోని ప్రోటీన్ల పట్ల అదుపు తప్పి స్పందించడం వల్ల ఏర్పడే తీవ్ర అలర్జీ ఇది. 1902లో ఫ్రాన్సుకు చెందిన పోర్టియర్, రిషే అనే శాస్త్రవేత్తలు ఈ స్థితికి అనాఫిలాక్సిస్ అని నామకరణం చేశారు. ఈ పరిశోధనలకుగాను రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

గతంలో ఒకసారి కుట్టించుకున్న బిడ్డ శరీరంలో ఆ విషానికి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలు తయారై ఉండవచ్చు. మళ్లీ కుట్టినప్పుడు అవి ఒక్కసారిగా చైతన్యమై హిస్టమిన్ తదితర రసాయనాలను విడుదల చేయిస్తాయి. రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. శ్వాసనాళాలు కుంచించుకుపోతాయి. ఇక్కడ కాట్ల సంఖ్యతో పనిలేదు. ఒక్క కాటు చాలు. గతంలో కుట్టినప్పుడు ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడూ కాదనే భరోసా లేదు. తేనెటీగ కాటుకు తీవ్ర అలర్జీ రావడం పెద్దల కంటే పిల్లల్లో తక్కువే అయినప్పటికీ, పిల్లల శ్వాసమార్గం ఇరుకైనది కావడం, తమ బాధను మాటల్లో చెప్పలేకపోవడం వారి విషయంలో అదనపు ప్రమాదాలు.

ఈ క్రింది లక్షణాలు కుట్టిన కొద్ది నిమిషాల నుండి గంట లోపల సాధారణంగా కనిపిస్తాయి:

- కుట్టిన చోటుకు దూరంగా, ఒళ్లంతా దద్దుర్లు, దురద, ఎర్రదనం
- పెదవులు, కనురెప్పలు, నాలుక వాయడం
- గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఆయాసం
- పదేపదే వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి
- కళ్లు తిరగడం, చర్మం పాలిపోయి చల్లబడటం, సొమ్మసిల్లడం
- పసిపిల్లల్లో ఏడుపు ఆగి ఉన్నట్టుండి నిస్తేజంగా మారడం, మెడ వాల్చివేయడం

పిల్లల్లో దద్దుర్లే ఎక్కువగా కనిపించే లక్షణం. అయితే అనాఫిలాక్సిస్ వచ్చిన వారిలో 10 నుండి 20 శాతం మందికి చర్మంపై ఏ గుర్తూ ఉండకపోవచ్చు. దద్దుర్లు లేవన్న కారణంగా ఆయాసపడుతున్న బిడ్డకు చికిత్స ఆలస్యం చేయడం సరికాదు.

బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించి 2000 సంవత్సరంలో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, కీటకాలు కుట్టిన సందర్భాల్లో శ్వాస లేదా గుండె ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం 15 నిమిషాలు మాత్రమే. మండల కేంద్రానికి చేరడానికే అరగంట పట్టే గ్రామాల్లో ఈ అంకెకు గల ప్రాధాన్యం వేరుగా చెప్పనక్కరలేదు.

అడ్రినలినే మొదటి మందు

అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్ సూదిమందు. కుంచించుకుపోయిన శ్వాసనాళాలను తెరవడం, పడిపోయిన రక్తపోటును నిలబెట్టడం, వాపును తగ్గించడం అనే మూడు పనులనూ ఏకకాలంలో చేయగలది ఇదొక్కటే. ప్రపంచ అలర్జీ సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఈ విషయాన్నే నొక్కి చెప్పాయి. ఇది జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. ధర కూడా స్వల్పమే.

మందు మోతాదు బిడ్డ బరువును బట్టి నిర్ణయించాలి. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము మందు ఉండే అడ్రినలిన్‌ను కిలో బరువుకు 0.01 మిల్లీలీటరు చొప్పున ఇవ్వాలి. అనగా 10 కిలోల బిడ్డకు 0.1, 20 కిలోల బిడ్డకు 0.2, 30 కిలోల బిడ్డకు 0.3 మిల్లీలీటర్లు. పిల్లల్లో ఒకసారికి 0.3, కౌమార దశలోని పెద్దపిల్లలకు, వయోజనులకు 0.5 మిల్లీలీటర్లు మించరాదు. దీనిని తొడ మధ్యభాగంలో, వెలుపలి వైపున, కండరంలోకి ఇవ్వాలి. చర్మం కింద ఇస్తే మందు రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పలుచన చేయకుండా నేరుగా రక్తనాళంలోకి ఇస్తే గుండెకు ప్రమాదం. లక్షణాలు తగ్గకపోతే 5 నుండి 15 నిమిషాల తరువాత అదే మోతాదును మళ్లీ ఇవ్వవచ్చు. ఇంత స్వల్ప పరిమాణాలను సరిగా కొలవడానికి ఒక మిల్లీలీటరు సిరంజి తప్పనిసరి.

తేనెటీగ కాటుతో వచ్చిన బిడ్డకు మొదట యాంటీహిస్టమిన్, ఆ తరువాత స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చి, పరిస్థితి విషమించిన తరువాతే అడ్రినలిన్ వైపు చూడటం పలుచోట్ల కనిపించే పొరపాటు. యాంటీహిస్టమిన్ దద్దుర్లను, దురదను తగ్గిస్తుందే తప్ప మూసుకుపోతున్న శ్వాసమార్గాన్ని తెరవలేదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటల సమయం పడుతుంది. ఇవి అడ్రినలిన్ తరువాత ఇచ్చేవే గాని దానికి ప్రత్యామ్నాయం కావు. అడ్రినలిన్ వల్ల గుండె దడ, వణుకు, ముఖం పాలిపోవడం కొద్దిసేపు కనిపించవచ్చు. సరైన మోతాదులో కండరంలోకి ఇచ్చినప్పుడు పిల్లల్లో అది సురక్షితమైన మందు. పెద్ద ఆసుపత్రికి పంపవలసి వచ్చినప్పటికీ మొదటి మోతాదు ఇచ్చిన తరువాతనే వాహనం ఎక్కించాలి.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే ఆనుకొని కూర్చోనివ్వవచ్చు. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రక్తపోటు పడిపోయిన బిడ్డను ఒక్కసారిగా లేపి నిలబెట్టడం, నడిపించడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ఆసుపత్రిలో ఆక్సిజన్, రక్తపోటు తగ్గితే కిలోకు 10 నుండి 20 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్, పిల్లికూతలుంటే సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ ఇస్తారు. లక్షణాలు పూర్తిగా తగ్గిన కొన్ని గంటల తరువాత కొద్దిమందిలో అవి తిరిగి తలెత్తే అవకాశం ఉన్నందున కనీసం 4 నుండి 6 గంటలు, తీవ్రత ఎక్కువగా ఉన్నా, ఇల్లు ఆసుపత్రికి దూరంగా ఉన్నా ఒక రోజు పరిశీలనలో ఉంచడం మంచిది.

సామూహిక దాడిలో పొంచి ఉండే ముప్పు

రెండవ ప్రమాదానికి అలర్జీతో సంబంధం లేదు. అధిక సంఖ్యలో కాట్లు పడినప్పుడు శరీరంలో చేరిన విషం తనంత తానుగా కలిగించే హాని ఇది. తేనెటీగ విషంలో దాదాపు సగభాగం మెలిటిన్ అనే పదార్థం. ఇది ఫాస్ఫోలైపేజ్ అనే మరొక పదార్థంతో కలిసి కణాల పొరలను ఛిద్రం చేస్తుంది. ఎర్రరక్తకణాలు, కండరాల కణాలు పగిలి, వాటిలోని వర్ణద్రవ్యాలు రక్తంలో కలిసి మూత్రపిండాలలో అడ్డుపడతాయి. ఫలితంగా మూత్రపిండాల వైఫల్యం ఏర్పడుతుంది. కాలేయం, గుండె కండరం, రక్తం గడ్డకట్టే వ్యవస్థ కూడా దెబ్బతినవచ్చు.

ఇక్కడ కాట్ల సంఖ్య, శరీర బరువు ముఖ్యం. విషశాస్త్ర నిపుణుల అంచనా ప్రకారం కిలో బరువుకు సుమారు 19 కాట్లు పడితే ప్రాణాంతకం కావచ్చు. ఈ లెక్కన 70 కిలోల వ్యక్తికి 1,300 కాట్లు ఎంతటి ప్రమాదమో 12 కిలోల పసివాడికి 230 కాట్లు అంతటి ప్రమాదం. ఇది స్థూలమైన అంచనా మాత్రమే. ఇంతకంటే చాలా తక్కువ కాట్లతో కూడా మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. పెద్దల్లో కాట్లు 50 దాటితే విషప్రభావం ఉండవచ్చునని, పిల్లల్లో అంతకంటే తక్కువకే అప్రమత్తం కావాలని వైద్యులు సూచిస్తున్నారు.

ఈ స్థితిలో అసలు చిక్కు ఆలస్యంగా బయటపడటమే. దాడి జరిగిన రోజు బిడ్డకు వాంతులు, విరేచనాలు, తలనొప్పి, జ్వరం, ఒళ్లునొప్పులు మాత్రమే ఉండవచ్చు. కొందరిలో అవీ ఉండవు. మూత్రం ఎర్రగానో, చిక్కటి టీ డికాక్షన్ రంగులోనో రావడం, మూత్రం తగ్గిపోవడం, కళ్లు పచ్చబడటం, ముఖం ఉబ్బడం వంటివి ఒకటి నుండి కొద్ది రోజుల తరువాత బయటపడతాయి. తొలి రోజు రక్తపరీక్షలు సవ్యంగా ఉన్నాయన్న ధీమాతో ఇంటికి పంపితే ఈ లక్షణాలు ఇంటి వద్ద తలెత్తుతాయి.

అందువల్ల అనేక కాట్లు పడిన ప్రతి బిడ్డనూ చూడటానికి బాగున్నప్పటికీ కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచడం అవసరం. తల వెంట్రుకలు, చెవులు, మెడ వెనుక భాగంతో సహా ఒళ్లంతా వెతికి ముళ్లన్నింటినీ తీయాలి. వాటిని లెక్కించి కేసు షీటులో నమోదు చేస్తే తరువాత చూసే వైద్యులకు ఉపకరిస్తుంది. మూత్రం రంగును, పరిమాణాన్ని గంటల వారీగా గమనించాలి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, పొటాషియం, కండరాల ఎంజైమ్ అయిన సీపీకే, కాలేయ పరీక్షలు, ఈసీజీ చేయించి, అవసరాన్ని బట్టి మళ్లీ చేయాలి. ఇంటికి పంపిన తరువాత కూడా రెండు మూడు రోజులకు ఒకసారి మూత్ర, రక్త పరీక్షలకు రప్పించాలి.

తేనెటీగ విషానికి విరుగుడు మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు తయారుచేసిన విరుగుడు సీరంపై 20 మంది రోగులతో జరిగిన తొలి దశ పరీక్షల ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ప్రస్తుతానికి సెలైన్ ద్వారా తగినన్ని ద్రవాలు అందించి మూత్రపిండాలను కాపాడటం, అవసరమైతే రక్తం ఎక్కించడం, మూత్రపిండాలు పనిచేయకపోతే డయాలిసిస్ చేయడమే చికిత్స. సకాలంలో డయాలిసిస్ అందిన పిల్లల్లో మూత్రపిండాలు చాలావరకు కొద్ది వారాల్లో తిరిగి కోలుకుంటాయి.

ఒకే బిడ్డలో రెండు ప్రమాదాలూ కలిసి రావచ్చు. అనేక కాట్లు పడిన బిడ్డకు ఆయాసం, రక్తపోటు పడిపోవడం ఉంటే కారణం అలర్జీయా, విషమా అని తర్కిస్తూ కూర్చోకుండా ముందుగా అడ్రినలిన్ ఇవ్వాలి.

అపోహలు వీడాలి

తేనెటీగ కుట్టిన చోట సున్నం రాయడం, ఇనుము రుద్దడం, కిరోసిన్ పూయడం, మట్టి మెత్తడం గ్రామాల్లో పరిపాటి. చర్మం లోపలికి చేరిపోయిన విషాన్ని పైపూతలేవీ విరచలేవు. సున్నం పిల్లల లేత చర్మాన్ని, కంటికి తగిలితే చూపును దెబ్బతీస్తుంది. మట్టి వల్ల పుండు చీము పట్టవచ్చు. వీటికంటే పెద్ద నష్టం కాలహరణం. కుట్టిన చోట కోసి రక్తం పిండటం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం కూడా తగవు. పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు తేనెటీగ విషంపై పనిచేయదు. పైపెచ్చు దానివల్లనే తీవ్ర అలర్జీ కలిగే అవకాశం ఉంది.

మరొకసారి కుడితే

ఒకసారి అనాఫిలాక్సిస్ నుండి కోలుకున్న బిడ్డ విషయంలో చికిత్స ఆసుపత్రి గడప దాటడంతో ముగిసినట్లు కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ వైద్యులు, చిన్నతనంలో కీటకాల కాటుకు అలర్జీ కలిగిన వారిని దీర్ఘకాలం పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. మధ్యస్థ, తీవ్ర స్థాయి లక్షణాలు వచ్చి ప్రత్యేక చికిత్స పొందనివారిలో మళ్లీ కుట్టినప్పుడు 32 శాతం మందికి అలర్జీ తిరగబెట్టగా, చికిత్స పొందినవారిలో అది 5 శాతం మాత్రమే. ఒళ్లంతా దద్దుర్లు తప్ప మరే లక్షణమూ రాని పిల్లల్లో మాత్రం ముప్పు చాలా తక్కువ. కుట్టిన చోటనే పెద్ద వాపు వచ్చిన పిల్లల్లో కూడా ఇంతే.

ఈ ప్రత్యేక చికిత్సను విష ఇమ్యునోథెరపీ అంటారు. శుద్ధి చేసిన విషాన్ని అతి స్వల్ప మోతాదుతో ప్రారంభించి, క్రమంగా పెంచుతూ 3 నుండి 5 సంవత్సరాల పాటు సూదిమందుగా ఇస్తారు. ఇది ప్రత్యేక అలర్జీ కేంద్రాల్లో, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే చేయదగినది. అటువంటి కేంద్రానికి వెళ్లే వీలున్నా లేకున్నా, అలర్జీ ఉన్న బిడ్డ పేరు పాఠశాల రికార్డులో నమోదు కావాలి. విదేశాల్లో తల్లిదండ్రులే వాడగల అడ్రినలిన్ పెన్నులు మన ప్రాంతంలో అన్నిచోట్లా సులభంగా లభించవు. కాబట్టి కుట్టిన వెంటనే ఎవరికి ఫోన్ చేయాలి, అడ్రినలిన్ లభించే దగ్గరి ఆరోగ్య కేంద్రం ఏది, ఏ వాహనంలో వెళ్లాలి అన్నవి కుటుంబం ముందుగానే నిర్ణయించుకొని ఉండాలి.

యంత్రాంగం చేయవలసినవి

అడ్రినలిన్ గ్రామానికి కొత్త మందు కాదు. టీకాల కార్యక్రమంలో అరుదుగా కలిగే అలర్జీని ఎదుర్కొనడానికి ఆరోగ్య సిబ్బంది వద్ద ఉంచే అనాఫిలాక్సిస్ కిట్‌లో అడ్రినలిన్, సిరంజీలు, వయస్సు వారీ మోతాదు పట్టిక ఉంటాయి. అదే సంసిద్ధత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అత్యవసర గదిలో రాత్రింబవళ్లు ఉండటం అవసరం. ఇందుకు అధికారులు తనిఖీ సమయంలో ఈ క్రింది అంశాలను పరిశీలించవచ్చు.

1. అడ్రినలిన్ తాళం వేసిన గదిలో కాక అత్యవసర ట్రేలో ఉన్నదా, దాని గడువు తేదీ దాటలేదా అన్నది చూడాలి. ఈ మందు వేడికి, వెలుతురుకు చెడుతుంది. రంగు మారినది వాడరాదు.
2. బరువు వారీగా మోతాదు పట్టికను తెలుగులో గోడపై అతికించాలి. ఒక మిల్లీలీటరు సిరంజీలు, పిల్లల సైజు ఆక్సిజన్ మాస్కులు, నెబ్యులైజర్ అందుబాటులో ఉంచాలి.
3. అనేక కాట్లు పడిన పిల్లలను పంపవలసిన, డయాలిసిస్ సౌకర్యం గల దగ్గరి ఆసుపత్రి వివరాలు సిబ్బంది అందరికీ తెలిసి ఉండాలి.
4. పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రాలు, సంక్షేమ వసతి గృహాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలల ఆవరణలోని చెట్లు, నీటి ట్యాంకులు, భవనాల అంచులను తరచు పరిశీలించాలి. పట్టు కనిపిస్తే పిల్లలను ఆ వైపు వెళ్లనీయరాదు.
5. పట్టును తొలగించే పనిని అనుభవజ్ఞులైన తేనె సేకరణదారులకు అప్పగించి, పిల్లలు లేని రాత్రి వేళ చేయించాలి. పగటిపూట నిప్పు పెట్టడం, పురుగుమందు చల్లడం దాడిని కోరి తెచ్చుకోవడమే.
6. దాడి జరిగితే పిల్లలందరినీ గదుల్లోకి చేర్చి తలుపులు మూసి, హాజరు పట్టీ ప్రకారం లెక్క చూసుకోవాలి. ఆయాసం, వాంతులు, సొమ్మసిల్లడం కనిపించిన బిడ్డను మొదట తరలించాలి. 108కు ఫోన్ చేసినప్పుడు ఎందరికి కుట్టాయో, ఎవరికి ఆయాసంగా ఉందో స్పష్టంగా చెప్పాలి.

తేనెటీగలను నిర్మూలించడం పరిష్కారం కాదు. పొద్దుతిరుగుడు, ఆవాలు, దోస జాతి పంటలు, పలు పండ్లతోటల్లో పరాగ సంపర్కానికి ఇవి ఆధారం. 1956లో ఏర్పాటైన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తుల్లో తేనె ముఖ్యమైనది. నల్లమల చెంచులకు, తూర్పు కనుమల గిరిజనులకు అది జీవనాధారం. పట్టుకు దూరం పాటించడం, పాటించలేని చోట జాగ్రత్తగా తరలింపజేయడమే సరైన విధానం.

పత్రికల తోడ్పాటు

తేనెటీగల దాడి జరిగినప్పుడు గాయపడినవారి సంఖ్య, ప్రథమ చికిత్స చేసి ఇళ్లకు పంపిన సమాచారంతో వార్త ముగియడం సాధారణం. అయితే అధిక కాట్లు పడిన పిల్లల అసలు పరిస్థితి తేలేది ఆ తరువాతి రెండు మూడు రోజుల్లోనే. పిల్లలను ఎంతసేపు పరిశీలనలో ఉంచారు, మళ్లీ పరీక్షలు ఎప్పుడు అన్న అంశాలను విలేకరులు ప్రస్తావిస్తే తల్లిదండ్రులకు అది హెచ్చరికగా ఉపయోగపడుతుంది. వార్తతో పాటు రెండు సూచనలను ప్రముఖంగా ప్రచురించడం ప్రజలకు మేలు చేస్తుంది. తేనెటీగ కుట్టిన బిడ్డకు ఒళ్లంతా దద్దుర్లతో పాటు ఆయాసం గాని, వాంతులు గాని, మగత గాని కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా అడ్రినలిన్ ఉన్న చోటికి తీసుకువెళ్లాలి. దద్దుర్లు లేకపోయినా, కుట్టిన తరువాత ఆయాసమో సొమ్మసిల్లడమో ఉంటే అదే చేయాలి. ఎక్కువ కాట్లు పడిన బిడ్డ హుషారుగా కనిపించినా ఆసుపత్రిలోనే ఉంచి, మూత్రం రంగును గమనిస్తూ ఉండాలి.